అపరాధం, పరిశోధన, జపమాల: లియొనార్దో షాషా 'తోదో మోదో' నవల - చారిత్రక పరిశీలన

ఇటలీ రచయిత లియొనార్దో షాషా (1921-1989) 'తోదో మోదో' నవల 1974లో వెలువడింది. కతోలిక శ్రీసభ పెద్దలకూ పాలక రాజకీయ నాయకులకూ మధ్య నడిచిన పొత్తును వస్తువుగా తీసుకున్న రాజకీయ నేరకథ ఇది. నాలుగేళ్ళ తరువాత, 1978 మే నెలలో, మాజీ ప్రధాని అల్దో మోరో హత్యకు గురైనప్పటి నుంచి ఈ నవలకు 'జోస్యం' అనే పేరు అంటుకుంది. పాలక పక్షం తన మనుషులను తానే బలి ఇచ్చుకునే రోజు వస్తుందని రచయిత ముందే పసిగట్టాడని ఆ పేరు పెట్టినవారి ఉద్దేశం. వినడానికి ఇది ప్రశంసలాగే ఉంటుంది గాని, నవలను దాని కాలం నుంచి వేరుచేసి మరో సంఘటనకు ముందుమాటగా కుదిస్తుంది. 'తోదో మోదో' రాబోయేదాన్ని చెప్పిన పుస్తకం కాదనీ, అప్పటికే నలభై అయిదేళ్ళుగా అందరి కళ్ళముందూ జరుగుతున్నదాన్ని నమోదు చేసిన పుస్తకమనీ, అందులోని హత్యలకు న్యాయవ్యవస్థ సమాధానం కనుక్కోలేకపోవడం కథనలోపం కాక ఒక చారిత్రక నిర్ణయమనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

ముందుగా ఒక మాట. ఇక్కడ చర్చకు వచ్చేది విశ్వాసం కాదు, ఒక సంస్థకూ ఒక రాజకీయ పక్షానికీ ఉన్న సంబంధం. ఆ సంబంధంవల్ల నష్టపోయినవారిలో భక్తులూ గురువులూ కూడా ఉన్నారన్న సంగతి ముందుముందు తెలుస్తుంది.

కథాసంగ్రహం

కథ చెప్పేది పేరు లేని ఒక చిత్రకారుడు. పేరుప్రతిష్ఠలున్నవాడు, మతవిశ్వాసం లేనివాడు. గమ్యమంటూ లేకుండా కారులో వెళుతూ దారిలో 'జఫెర్ ఆశ్రమం' అనే సూచికను చూసి అటు మళ్ళుతాడు. తీరా వెళ్ళి చూస్తే ఒకప్పటి ముని ఆశ్రమం ఇప్పుడు పెద్ద హోటలు. దాన్ని నడిపేది దోన్ గయెతానో అనే గురువు. మహా పండితుడు, వాదనలో ఎదురులేనివాడు. ఏటా వేసవిలో అక్కడ 'ఆధ్యాత్మిక సాధనలు' జరుగుతాయి. తెలుగు కతోలికులు 'వడకం' అని వ్యవహరించే ధ్యానకాలం వంటిదే ఇది. దానికి వచ్చేవారు మాత్రం మంత్రులు, పార్లమెంటు సభ్యులు, బ్యాంకుల అధిపతులు, ప్రభుత్వ సంస్థల అధ్యక్షులు, పీఠాధిపతులు. ఆ సాధనలకు మూలపురుషుడు యేసుసభ స్థాపకుడైన పునీత ఇగ్నేషియస్ లొయోలా. నవల పేరు కూడా ఆయన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథం నుంచి తీసుకున్నదే. 'ఏ విధంగానైనా' అని ఆ స్పానిష్ మాటలకు అర్థం. దైవసంకల్పాన్ని వెదికే మార్గాలను గురించి పునీతుడు చెప్పిన మాట, హోటలు అతిథుల సందర్భంలోకి వచ్చేసరికి అధికారాన్ని నిలుపుకునే మార్గాలను గురించిన మాటగా మారిపోతుంది. షాషా ఈ వ్యంగ్యాన్ని ఎక్కడా వివరించడు. పేరు పెట్టి ఊరుకున్నాడు.

ఒక సాయంకాలం చీకటి పడుతుండగా అందరూ జపమాల చెబుతూ హోటలు ముందు బారులు తీరి అటూ ఇటూ నడుస్తుంటారు. ఆ నడకలో తుపాకి పేలుతుంది. మికెలొట్సి అనే మాజీ సెనేటరు కూలిపోతాడు. విచారణకు వచ్చిన ప్రభుత్వ న్యాయాధికారి స్కలాంబ్రి చిత్రకారుడికి పూర్వపు సహాధ్యాయి. విచారణ సాగుతుండగానే వొల్త్రానో అనే న్యాయవాది మరణిస్తాడు. చివరికి దోన్ గయెతానో కూడా హతుడవుతాడు. ఆ సమయంలో ఎక్కడున్నావని స్కలాంబ్రి అడిగితే, గురువును చంపడానికి వెళ్ళానని చిత్రకారుడు జవాబిస్తాడు. స్కలాంబ్రి దాన్ని వేళాకోళంగా తీసుకుంటాడు. నేరస్థుడెవరో అధికారికంగా తేలదు. ఆంద్రే జీద్ రాసిన 'వాటికన్ నేలమాళిగలు' నవలలోని ఒక భాగంతో పుస్తకం ముగుస్తుంది.

నలభై అయిదేళ్ళ సహవాసం

ఈ హోటలు గాలిలోంచి పుట్టలేదు. 1870లో రోము నగరం ఇటలీ రాజ్యంలో కలిసినప్పటి నుంచి పోపులు ఆ రాజ్యాన్ని గుర్తించలేదు. పార్లమెంటు ఎన్నికల్లో పాల్గొనవద్దని కతోలికులకు ఆదేశాలుండేవి. ఆ కట్టడి సడలిన తరువాత 1919లో లుయీజి స్తుర్త్సో అనే సిసిలీ గురువు ఇటలీ ప్రజాపక్షాన్ని స్థాపించాడు. కతోలికుల ప్రేరణతో నడిచినా శ్రీసభ అధికారానికి లోబడని పక్షం కావాలని ఆయన ఆశయం. ముస్సొలీని అధికారంలోకి వచ్చాక ఫాసిజాన్ని ఎదిరించిన ఈ గురువు వాటికన్‌కు భారమయ్యాడు. పై నుంచి వచ్చిన ఒత్తిడివల్ల 1923లో పక్ష కార్యదర్శి పదవిని వదులుకున్నాడు. మరుసటి ఏడు దేశమే వదిలి లండన్ చేరాడు. అయిదేళ్ళకు, 1929 ఫిబ్రవరి 11న, వాటికన్ ముస్సొలీనితో లాటెరన్ ఒప్పందాలు కుదుర్చుకుంది. వాటికన్ నగరం స్వతంత్ర రాజ్యమైంది. పరిహారంగా 75 కోట్ల లీరాల నగదు, 100 కోట్ల లీరాల ప్రభుత్వ బాండ్లు ముట్టాయి. కతోలిక మతం రాజ్యమతంగా ధ్రువపడింది. స్వతంత్ర కతోలిక రాజకీయాలను కలగన్న గురువు ప్రవాసంలో ఉండగా, నియంతతో సంధి కుదిరిందన్నమాట. షాషా నవలను శ్రీసభపై దాడిగా చదివేవారు స్తుర్త్సో చరిత్రను గుర్తుంచుకోవాలి. అధికారంతో పొత్తుకు మొదటి మూల్యం చెల్లించినవారిలో ఒక గురువు ఉన్నాడు.

ఫాసిస్టు పాలన పోయినా ఒప్పందాలు పోలేదు. కొత్త గణతంత్ర రాజ్యాంగంలోని 7వ అధికరణం వాటిని గుర్తించింది. 1947 మార్చి 25న జరిగిన ఓటింగులో తొల్యాత్తి నాయకత్వంలోని కమ్యూనిస్టులు కూడా ఆ అధికరణానికి అనుకూలంగా ఓటు వేశారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1949 జూలైలో, కమ్యూనిస్టు సిద్ధాంతాన్ని నమ్మి ప్రచారం చేసేవారిని వెలివేస్తూ వాటికన్ శాసనం చేసింది. ఈ రెంటికీ నడుమ 1948 ఏప్రిల్ 18 ఎన్నికలున్నాయి. లుయీజి జెద్దా ఏర్పాటుచేసిన పౌరసమితులు విచారణల (పారిష్‌ల) స్థాయి నుంచి క్రైస్తవ ప్రజాస్వామ్య పక్షానికి పనిచేశాయి. ఓటుగదిలో స్టాలిన్ చూడకపోయినా దేవుడు చూస్తుంటాడన్న భావంగల గోడపత్రిక ఇటలీలో ఇప్పటికీ ప్రసిద్ధం. పక్షానికి 48.5 శాతం ఓట్లు, ప్రతినిధుల సభలో సంపూర్ణ మెజారిటీ లభించాయి. అది మొదలు 1974 దాకా ఇటలీ ప్రభుత్వాలన్నిటికీ ఆ పక్షమే ఇరుసు.

అయితే ఎన్నికల ప్రచారంకన్నా లోతైన బంధం మరొకటి ఉంది. కతోలిక విశ్వవిద్యాలయ విద్యార్థుల సమాఖ్యకు 1925 నుంచి 1933 వరకు ఆధ్యాత్మిక సహాయకుడిగా ఉన్న గురువు జొవాన్ని బత్తీస్త మొంతీని. ఆ సమాఖ్యకు 1939-42లో అధ్యక్షుడు అల్దో మోరో, ఆయన తరువాత 1944 వరకు జూల్యో అంద్రెయొత్తి. మొంతీని 1963లో పోపు ఆరవ పౌలు అయ్యాడు. మోరో అయిదు ప్రభుత్వాలకు, అంద్రెయొత్తి ఏడు ప్రభుత్వాలకు ప్రధానులయ్యారు. ఒకే సమాఖ్య నుంచి ఒక పోపు, ఇద్దరు ప్రధానమంత్రులు. ఇందులో కుట్ర ఏమీ లేదు, రహస్యమూ లేదు. యౌవనంలో ఒకే ధ్యానమందిరంలో మోకరించినవారి పరస్పర పరిచయమిది. షాషా నవల పట్టుకున్నది సరిగ్గా ఈ పరిచయాన్నే.

జపమాల నడక

శ్రీసభకూ రాజకీయులకూ 'కుమ్మక్కు' అన్నప్పుడు తెలుగులో ఒక రహస్యపు ఛాయ తోస్తుంది. తలుపులు మూసుకుని మాట్లాడుకోవడం, చేతులు కలపడం, పైకి ఒకరినొకరు ఎరగనట్టు నటించడం. సాధారణ రాజకీయ థ్రిల్లరు ఈ అర్థంమీదే నడుస్తుంది. కథానాయకుడు ఒక పత్రం సంపాదిస్తాడు, తలుపు తెరుస్తాడు, కుట్ర బయటపడుతుంది. 'తోదో మోదో'లో తెరవడానికి తలుపే లేదు. మంత్రీ బ్యాంకు అధిపతీ పీఠాధిపతీ ఒకే హోటలులో దిగి, ఒకే బల్ల దగ్గర తిని, ఒకే జపమాల చెబుతారు. అన్నీ బహిరంగమే. చూసేవారికి అది నేరంగా కాక భక్తిగా కనిపిస్తుంది.

అందుకే జపమాల దృశ్యం నవలకు కేంద్రం. బారులు కదులుతాయి, చివర దాకా వెళ్ళి వెనుదిరుగుతాయి. గురువు గొంతు ఒక్కటే స్పష్టం, మిగిలినవన్నీ కలిసి ఒక హోరు. చీకటిలో ముఖాలు కనబడవు, వరుసలు మాత్రమే కనబడతాయి. సామూహిక ప్రార్థనలో వ్యక్తి లీనమవడం భక్తి దృష్టిలో సుగుణం. షాషా చేతిలో అదే గుణం హంతకుడికి రక్షణ అవుతుంది. అందరూ ఒకే మాట పలుకుతూ ఒకే దిశలో నడుస్తున్నప్పుడు ఎవరి పక్కన ఎవరున్నారో ఎవరూ చెప్పలేరు. సాక్షులందరూ అక్కడే ఉన్నారు, సాక్ష్యం మాత్రం లేదు. విచారణలో ప్రతి ఒక్కరి స్థానాన్నీ తేల్చడానికి జరిగే యత్నం హాస్యాస్పదంగానూ భయానకంగానూ తయారవుతుంది.

ఈ సందర్భంలో మన వాడుకలోని ఒక పారిభాషిక పదం పనికివస్తుంది. ఈ ప్రక్రియను తెలుగులో 'అపరాధ పరిశోధన' అన్నారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ దాకా ఆ సంప్రదాయంలో రెండు నమ్మకాలు స్థిరంగా ఉంటాయి. అపరాధం ఒకరిది, పరిశోధన మరొకరిది. ఇద్దరూ వేర్వేరు. చివరి పుటకు వచ్చేసరికి రెండోవాడు మొదటివాణ్ణి పట్టుకుంటాడు. షాషా ఈ రెంటినీ చెరిపేశాడు. స్కలాంబ్రి ఏ వ్యవస్థలో ఉద్యోగో, అనుమానితులు ఆ వ్యవస్థకే అధిపతులు. వారిని ప్రశ్నించాలంటే వారి అనుమతే కావాలి. మరోపక్క, పరిశోధకుడి తెలివితేటలున్న చిత్రకారుడు తానే హంతకుడినని చెప్పుకునే చోటికి చేరుకుంటాడు. అతని మాట నిజమా, హాస్యమా అన్నదానిపై ఇటలీ విమర్శకులు చాలా చర్చించారు. నిజమనే నా అభిప్రాయం. అయితే దానికంటె ముఖ్యం, ఆ మాటను అధికారి వినిపించుకోకపోవడం. ఒప్పుకున్నా నమోదు కాని నేరం అది. పాపసంకీర్తనంలో ఒప్పుకోలు గురువు చెవిని దాటి బయటికి పోదు. ఇక్కడ న్యాయాధికారి చెవిని దాటి లోపలికి పోదు.

దోన్ గయెతానో పాత్రను కేవలం దుష్టుడిగా చదివితే నవల చిన్నబోతుంది. శ్రీసభ ఇన్ని శతాబ్దాలు నిలవడానికి మంచి గురువులకన్నా చెడ్డ గురువులే ఎక్కువ కారణమని వాదించగల మేధావి అతను. తన హోటలుకు వచ్చే నాయకులంటే అతనికి గౌరవం లేదు. వారిని తన గుప్పిట్లో ఉంచుకున్నవాడు, వారి దివాలాకోరుతనాన్ని చిత్రకారుడికన్నా బాగా ఎరిగినవాడు. ఆశ్రమంలో ఒక పాత చిత్రం ఉంది. తపస్సులో ఉన్న మునిని ప్రలోభపెట్టే దయ్యం కళ్ళజోడు పెట్టుకుని ఉంటుంది. గురువు కళ్ళజోడూ అలాంటిదే. ఈ పోలికను మరో రచయిత అయితే దయ్యమే గురువు అన్న తేలిక అర్థానికి దిగజార్చేవాడు. షాషా ఉద్దేశం వేరు. దయ్యానికి కళ్ళజోడు కావలసింది స్పష్టంగా చదవడానికి. నవలలో అధికారాన్ని స్పష్టంగా చదివేవారు ఇద్దరే, విశ్వాసం లేని చిత్రకారుడు, విశ్వాసాన్ని వృత్తిగా చేసుకున్న గురువు. ఆ ఇద్దరి సంభాషణలు హత్యల విచారణకంటె ఎక్కువ పుటలను ఆక్రమించడంలో ఆశ్చర్యమేమీ లేదు.

1974

నవల వెలువడిన ఏడాదిని విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు. ఇటలీలో విడాకుల చట్టం 1970 డిసెంబరులో వచ్చింది. దాన్ని రద్దు చేయాలని కతోలిక సంఘాలు సంతకాలు సేకరించి ప్రజాభిప్రాయ సేకరణకు బాట వేశాయి. క్రైస్తవ ప్రజాస్వామ్య పక్ష కార్యదర్శి ఫన్‌ఫాని ఆ పోరాటాన్ని తన భుజాలమీద వేసుకున్నాడు. 1974 మే 12, 13 తేదీల్లో ఓటింగు జరిగింది. అర్హులలో 87 శాతానికి పైగా ఓటు వేశారు. రద్దు వద్దన్నవారు 59.3 శాతం. శ్రీసభ అధికారమూ పాలక పక్షమూ ఒకే పక్కన నిలిచినా ప్రజలు రెండో పక్కన ఓటు వేశారు. 1948 లెక్క తలకిందులైంది. ఓడించినవారిలో భక్తులైన కతోలికులు కూడా ఉన్నారు. మనస్సాక్షి ప్రకారం ఓటు వేయవచ్చన్నందుకు, అంతకుముందు రోములోని పునీత పౌలు మఠానికి అధిపతిగా ఉన్న జొవాన్ని ఫ్రన్త్సోనిని గురుత్వ విధుల నుంచి సస్పెండు చేశారు.

డబ్బు సంగతి మరొకటి. సిసిలీకి చెందిన ఆర్థికవేత్త మికేలె సిందోనా వాటికన్ బ్యాంకుతో వ్యాపార బంధాలున్నవాడు. లీరాను కాపాడినవాడని 1973 చివర అంద్రెయొత్తి అతణ్ణి న్యూయార్క్‌లో బహిరంగంగా మెచ్చుకున్నాడు. ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన వసంతంలో సిందోనా నుంచి పాలక పక్షానికి 200 కోట్ల లీరాలు అందిన సంగతి తరువాతి విచారణల్లో బయటపడింది. ఆ సెప్టెంబరులో అతని ఇటలీ బ్యాంకు, అక్టోబరులో అమెరికాలోని ఫ్రాంక్లిన్ నేషనల్ బ్యాంకు కుప్పకూలాయి. అంటే ఆ ఒక్క ఏడాదిలోనే జఫెర్ హోటలు బల్ల చుట్టూ కూర్చున్న మూడు వర్గాలకూ దెబ్బ తగిలింది. ఓటర్లు శ్రీసభ మాట వినలేదు, పక్షం ఓడింది, బ్యాంకు మునిగింది.

ఈ వెలుగులో చూస్తే నవలలోని హత్యలు బలవంతుల దురాగతాలుగా తోచవు. భయపడినవారి పనులుగా తోస్తాయి. హోటలులో అందరూ ఒకరినొకరు అనుమానిస్తుంటారు, ఒకరి గుట్టు మరొకరి దగ్గర ఉంటుంది. బయటి శత్రువు ఎవరూ లేరు. నలభై అయిదేళ్ళుగా అలవాటుపడిన సహవాసం బీటలు వారుతున్నప్పటి శబ్దమే ఆ తుపాకి మోత. 1975 ఫిబ్రవరి 1న పియెర్ పావొలో పసొలీని మిణుగురుల గురించి పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసం చెప్పింది కూడా ఇదే. దేశం మారిపోయింది, శ్రీసభ తనకు పనికిరాకుండా పోయింది, ఆ సంగతి గుర్తించని పాలకులు శవయాత్ర ముఖాలతో కుర్చీల్లో కొనసాగుతున్నారు. పసొలీని వాదించి చెప్పినదాన్ని షాషా కథగా చెప్పాడు.

విచారణ ఫలించదని నవల చెప్పింది. చరిత్ర ఇంకొంచెం కఠినంగా ఉంది. సిందోనా బ్యాంకు లెక్కలు తేల్చడానికి నియమితుడైన న్యాయవాది జోర్జో అంబ్రొసోలి, ఎవరు ఎంత ఒత్తిడి తెచ్చినా లొంగకుండా లెక్క తేల్చాడు. స్కలాంబ్రి వంటివాడు కాడు. 1979 జూలై 11 రాత్రి మిలాన్‌లో తన ఇంటి ముందే హత్యకు గురయ్యాడు. ఆ హత్య చేయించినందుకు సిందోనాకు 1986 మార్చి 18న యావజ్జీవ శిక్ష పడింది. నాలుగు రోజుల తరువాత జైలులో విషప్రభావంతో అతనూ మరణించాడు. షాషా కల్పించిన లోకంలో పరిశోధకుడు బతకడానికి కారణం అతను ఏమీ కనుక్కోకపోవడమే.

మోరో తరువాత

ఎలియో పెత్రి 1976లో ఈ నవలను చలనచిత్రంగా తీశాడు. జోస్యం అనే పేరుకు అసలు మూలం నవలకన్నా ఆ చిత్రమే. నవలలో చిత్రకారుడే కేంద్రం, చిత్రంలో ఆ పాత్రే లేదు. దాని స్థానంలో 'ఎం' అనే రాజకీయ నాయకుణ్ణి పెట్టి, ఆ పాత్రలో జాన్ మరియా వొలొంతె అల్దో మోరో నడకనూ మాటతీరునూ యథాతథంగా అనుకరించాడు. చిత్రం చివర 'ఎం' హతుడవుతాడు. రెండేళ్ళకు అసలు మోరో హత్య జరిగింది. చిత్రం, నవల ఒకటే అన్న భావన పాఠకుల్లో స్థిరపడింది. షాషా నవలలో మోరోను పోలిన పాత్ర ఏదీ ప్రధానంగా లేదన్న సంగతి మరుగునపడింది.

1978 మార్చి 16న ఎర్ర దళాలవారు మోరోను అపహరించారు. అయిదుగురు అంగరక్షకులు చనిపోయారు. 55 రోజుల బందీకాలంలో ఆయన సహచరులకు ఉత్తరాలు రాశాడు. బందీల మార్పిడికి ఒప్పుకొమ్మని వేడుకున్నాడు. ఆ రాతలు స్వేచ్ఛగా రాసినవి కావు కనుక వాటికి విలువ లేదని పక్షంవారు ప్రకటించారు. పోపు ఆరవ పౌలు ఎర్ర దళాలవారిని ఉద్దేశించి స్వహస్తంతో లేఖ రాశాడు. తన యౌవనపు శిష్యకోటిలోని మనిషిని షరతులు లేకుండా విడిచిపెట్టమని కోరాడు. ప్రభుత్వం కూడా ఏ షరతుకూ ఒప్పుకోలేదు. మే 9న మోరో శవం రోములో ఒక కారులో దొరికింది.

షాషా ఆ ఏడాదే 'మోరో ఉదంతం' రాశాడు. అది నవల కాదు, ఉత్తరాల పఠనం. బందీ రాతలో స్వేచ్ఛ లేదనడం తేలిక, కాని ప్రతి వాక్యంలోనూ ఆ మనిషి తన తెలివిని ఎలా నిలుపుకున్నాడో చదివి చూపించాడు. ఈ కథను ఇదివరకే ఎవరో రాసేసినట్టు ఉందన్న తన అనుభూతిని దాచుకోలేదు. అయినా దాన్ని తన ఘనతగా చెప్పుకోలేదు. 1979లో రాడికల్ పక్షం తరపున పార్లమెంటుకు ఎన్నికై, మోరో హత్యపై ఏర్పడిన విచారణసంఘంలో సభ్యుడయ్యాడు. 1982లో సంఘం మెజారిటీ నివేదికతో విభేదించి తన నివేదికను వేరుగా సమర్పించాడు. నేరకథల రచయిత నిజమైన నేరపు దస్త్రాల ముందు కూర్చున్న అరుదైన సందర్భమది. ఆయన నివేదిక అడిగిన ప్రశ్నలు కూడా హంతకులను దాటి, వెదకవలసినవారు ఎందుకు సరిగ్గా వెదకలేదన్న దగ్గరికి చేరాయి. 'తోదో మోదో' నుంచి ఆయన అడుగుతున్న ప్రశ్న అదే.

తన అంత్యక్రియలకు ప్రభుత్వాధికారులు గాని పక్షంవారు గాని రాకూడదని మోరో ఉత్తరంలో రాశాడు. కుటుంబం ఆ మాట పాటించి మే 10న తొర్రీత తిబెరీన అనే చిన్న ఊళ్ళో ఆయనను ఖననం చేసింది. మూడు రోజుల తరువాత రోములోని లాటెరన్ పునీత యోహాను మహాదేవాలయంలో అధికారిక సంస్మరణ పూజ జరిగింది. పోపు వచ్చాడు. కార్డినల్స్, మంత్రులు, పక్షం పెద్దలు అందరూ వరుసల్లో నిలిచారు. కుటుంబం రాలేదు. శవపేటిక లేదు.